ఎత్తని మూడు ఫోన్లు

కరీంనగర్ల బండి మీద పార్సిళ్లు పంచుడు నా పని. ఎండల, వానల గల్లీ గల్లీ తిరిగి తలుపు కొడితే సగం ఇండ్లకు తాళం. ఫోన్ చేస్తే ఎత్తరు. "ఏం మనుషులురా నాయనా, తెప్పించుకునుడెందుకు, తాళమేసి పోవుడెందుకు" అని తిట్టుకుంటనే తిరుగుత. సాయంత్రం గదే మనిషి ఫోన్ చేసి "ఎక్కడ సచ్చినవ్? రాకుండనే వచ్చిన అని రాసుకున్నవా?" అంటడు. గందుకే కొత్త నంబర్ కనబడితే కట్ చేసుడు నాకు అలవాటైంది.

మా అక్క నాకన్న పన్నెండేండ్లు పెద్దది. అవ్వ, బాపు పోయినంక బీడీలు చేసి నన్ను సాదింది. పెండ్లి మాటెత్తితే "వీన్ని ఎవ్వలు జూస్తరు" అని దాటేసేది. అసుంటి అక్కకు పోయినేడు క్యాన్సర్ అన్నరు. మందు ఎక్కించుడు మొదలైనంక జుట్టంత ఊడిపోయింది. నొప్పికి ఏడ్వలే గని, అద్దం ముంగట కూసోని జుట్టుకు ఏడ్చింది. ఇంటికి ఎవ్వలొచ్చినా నెత్తికి తువ్వాల సుట్టుకొని, చలి పెడుతుందనేది. జుట్టు ఊడింది ఎవ్వలికి చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది.

పెద్దపల్లిల మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి కుదిరింది. ఆ పిల్లను చిన్నప్పుడు చంకనేసుకొని తిప్పింది మా అక్కనే. "తమ్మీ, విగ్గు దొరుకుతదంట గద, జర తెప్పియ్యరాదు. బోడగుండుతోని పెండ్లికి పోతే బాగుంటదా?" అన్నది. బతుకంతట్ల నన్ను అడిగింది గదొక్కటే. ఫోన్ల బొమ్మలు చూపిస్తే నడుమ పాపిడి ఉన్నది ఏరుకున్నది. ఆమెకు ఫోన్ లేదు, నా నంబరే ఇచ్చి ఆర్డర్ పెట్టిన.

అది వేరే కంపెనీల వస్తది, మా దాంట్ల కాదు. మా ఇల్లు గల్లీల గల్లీ, ఫోన్ల అడగకుంటే ఎవ్వలికి దొరకదు. అక్క మూడొద్దులు కడప మీద కూసున్నది. బండి సప్పుడైతే సాలు, లేసి చూసుడు. గా మూడొద్దులు డెలివరీ ఆయన గల్లీ మొగదల దాక వచ్చి నాకు ఫోన్ చేసిండు. తిట్టేటోళ్లే అనుకొని మూడుసార్లు కట్ చేసిన. నాలుగో దినం మెసేజ్ వచ్చింది, కస్టమర్ ఫోన్ ఎత్తలేదు, పార్సిల్ వాపస్ అని. గా మాట నేను దినాం పదిమంది మీద రాస్త.

"గింత కరాబు మనిషి ఉంటడారా? వాని బండి పాడుగాను, ఒక్కసారన్న రాలే" అని అక్క తిట్టింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకున్న. కాదు, అబద్ధమెందుకు, నేను గూడ తిట్టిన. "గసుంటోళ్లతోనే మాకు చెడ్డ పేరు" అన్న. మళ్ల తెప్పిస్త అంటే, పెండ్లికి అందుతదా అన్నది. అందదు. పెండ్లినాడు జరమొచ్చిందని కబురు పంపి, తువ్వాల సుట్టుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నెల తిరగకముందే పోయింది.

మూడోదినం మానేరు ఒడ్డున పిట్టకు పెట్టినం. అన్నం, ఎండుచాపల పులుసు, చాయ్, ఆమెకు ఇష్టమైనయన్ని పెట్టినం. కాకులు చెట్టు మీద కూసున్నయి గని ఒక్కటి దిగలే. పిట్ట ముట్టలేదంటే పోయినోళ్ల మనసుల ఏదో మిగిలినట్టు. "పట్టుచీర పెడతం తల్లీ" అన్నది చిన్నమ్మ. దిగలే. "నీ తమ్మున్ని మంచిగ చూసుకుంటం" అన్నది. దిగలే. ఎండ నెత్తి మీదికొచ్చింది. "కొడుకా, ఏం కావాల్నో నీకు తెల్వదా, నువ్వడుగు" అన్నరందరు.

ఒట్టేసిన గద, అందరి ముంగట ఎట్ల చెప్త? ఇస్తారి కాడ మోకాళ్ల మీద కూసోని మెల్లగ అన్న. "అక్కా, ఆయన వచ్చిండు. మూడొద్దులు వచ్చిండు. నేనే ఫోన్ ఎత్తలే." ఇంక చెప్పేదుండె. ఆయనకు పెట్టిన తిట్లన్ని నాకే పెట్టు అనాలె, కాళ్లు మొక్కాలె అనుకున్న. మాట నోట్లనే ఉన్నది, పక్కన రెక్కల సప్పుడైంది. కాకి వచ్చి బుక్క ముట్టింది.

నేనన్నది వినబడక, "తమ్ముడు పెడతనంటే దిగింది, చీర మీదనే ఉండె పాపం పానం" అని చిన్నమ్మ కండ్లు తుడుసుకున్నది. అందరు లేసి తానాలకు పోయిన్రు. నేను లేవలే. చిన్నప్పటి సంది అక్క గంతే, నేను తప్పు ఒప్పుకుంటుంటే సగం మాటకే "పోనీతియ్ రా" అనేది. గా ఒక్కరోజన్న నా మీద జరసేపు కోపం పెట్టుకుంటే బాగుండు అక్కా.