డిక్కీలో నీళ్ల డబ్బా

సర్వీసింగుకిచ్చిన నా కారు డిక్కీలో నీళ్ల డబ్బా చూసి, "ఇప్పటి బళ్లకి ఇదెందుకండీ?" అని మెకానిక్ నవ్వాడు.

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, జ్వరంతో ఉన్న నానమ్మను భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే రేడియేటర్ మరిగి కారు ఆగిపోయింది. దారిపొడవునా కాలువే కదా అని నాన్న ఏనాడూ నీళ్లు వెంట పెట్టుకునేవారు కాదు. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తారన్నది ఆ రోజు ఆయనకు గుర్తు రాలేదు. కాలువ అడుగు నెర్రెలిచ్చి ఉంది.

"కారుక్కూడా జ్వరమా నాన్నా?" అన్నాను. ఆయన కాలువ గట్టు మీదే నిలబడి ఉన్నారు.

నానమ్మ తన నుదుటి మీది తడిగుడ్డ తీసి నాకిచ్చింది. "దానికెయ్యమ్మా. అది లేస్తేనే కదా నేను వెళ్లేది."

బానెట్ మీద పరిచాను. చూస్తుండగానే ఆరిపోయింది.

ఎవరిదో ట్రాక్టర్ మీద ఆసుపత్రికి చేరాం. నానమ్మ కోలుకుంది. నాన్న మాత్రం ఎండిన కాలువకేసి చూస్తూ నాకింకా అక్కడే నిలబడి కనిపిస్తారు.

డబ్బా నింపి మళ్లీ డిక్కీలో పెట్టమన్నాను.