కాశమ్మ ఎండ నీళ్లు

కార్వాన్‌లో పప్పుల గోదాముల వెనకున్న గల్లీకి వెళ్లి, మీకు మొదటి నీళ్లు ఎవరు పోశారని ఎవర్నైనా అడగండి. వాళ్లకేం గుర్తుంటుంది పాపం, వాళ్ల అమ్మల్ని అడగండి. హిందువుల ఇల్లైనా, ముసల్మానుల ఇల్లైనా, సందు చివర చర్చికి పోయేవాళ్ల ఇల్లైనా ఒక్క పేరే చెబుతారు. కాశమ్మ. పాతికేళ్లపాటు ఆ గల్లీలో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె చాచిన కాళ్ల మీద బోర్లా పడుకుని, గుక్కపట్టి ఏడ్చి, ఆఖరికి ఆ కాళ్ల మీదే నిద్రలోకి జారుకున్నదే.

ఆ గల్లీలో ఇల్లంటే ఒక్క గది. వంటా అక్కడే, పడకా అక్కడే. బాలింతకు ఒళ్లు కాగేలా నీళ్లు పోయాలంటే జాగా ఎక్కడిది? కాశమ్మకు మాత్రం పెనిమిటి వదిలిపోయిన రెండు గదుల ఇల్లుంది, వెనక వాకిలుంది, వాకిట్లో బావి ఉంది. మూడు రాళ్ల పొయ్యి మీద అత్తగారి నాటి రాగి గంగాళం ఎప్పుడూ కూర్చునే ఉండేది. తెల్లారేసరికి బాలింతలు పసివాళ్లను కొంగులో చుట్టుకుని వరసగా వచ్చేవారు. ప్రతి ఒక్కతీ రెండు కట్టెలు, గుప్పెడు వావిలాకు తేవాలి. అది కాశమ్మ చట్టం. ఎవరైనా కట్టెలు మరిచిపోయి వచ్చారో, వాకిట్లోనే నిలబెట్టి, "నీ మొగని చేతులిరిగినయా? పో, తెచ్చుకొని రా" అని వెనక్కి తరిమేది. తరిమేదే గానీ, పిల్లను మాత్రం తన దగ్గరే ఉంచుకునేది, చలిగాలిలో రెండుసార్లు తిప్పడమెందుకని.

ఆమెకు పిల్లల్లేరు. ఆ మాట ఎవరైనా జాలిగా అంటే ఒళ్లు మండేది. "నాకు లేకపోవుడేంది? ఈ గల్లీల ఎంతమంది తిరుగుతున్నరో కనవడ్తలేదా?" అనేది. పైకి అలా అన్నా, పూటకు నలుగురైదుగురు పసివాళ్లు తన కాళ్ల మీద కదలకపోతే ఆమెకు అన్నం సహించదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, దేవుడికి తెలుసు, కిషన్‌బాగ్‌లో ఉండే తమ్ముడు మొగులయ్యకు తెలుసు.

ఎనభై ఒకటో సంవత్సరంలో కాశమ్మ కళ్లు మొరాయించాయి. పాతికేళ్ల పచ్చికట్టెల పొగ ఊరికే పోతుందా? ఎర్రబడ్డ కళ్లు ఎర్రగానే ఉండిపోయాయి. పొద్దంతా నీళ్లు కారేవి. మనుషులు మసకమసకగా కనిపించేవారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. గొంతును బట్టి మనిషిని, బరువును బట్టి పిల్లను పోల్చుకుంటూ కొన్నాళ్లు నెట్టుకొచ్చింది.

దొరికిపోయింది విమలాదేవి దగ్గర. విమలాదేవి అంటే పప్పుల గోదాముల సేఠు ఈశ్వరయ్య భార్య. గల్లీ మొదట్లో రెండంతస్తుల ఇల్లు, ఆ ఇంటికి తగిన గొంతు. కూతురి బిడ్డకు కాశమ్మ నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, చెక్కిలి మీద దిష్టిచుక్క పెట్టింది. పెట్టాననుకుంది. అది పోయి పిల్ల ముక్కు కొసన కూర్చుంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. విమలాదేవి నవ్వలేదు.

"ఇయ్యాల చుక్క ముక్కు మీద పెట్టింది. రేపు మరిగే నీళ్లు నెత్తి మీద పోస్తే?" అంది అందరూ వినేలా. "కండ్లు కనవడని మనిషి చేతుల పసిపిల్లనెట్ల పెడతరే?"

మరునాటి నుంచి ఆ ఇంటి బిడ్డకు మెహదీపట్నం నుంచి వేరే ఆమె వచ్చి నీళ్లు పోసింది. సేఠు ఇల్లు ఒకదారి పడితే గల్లీ ఊరుకుంటుందా? ఐదుగురు వచ్చే చోట ముగ్గురయ్యారు, ముగ్గురు ఇద్దరయ్యారు. కాశమ్మ పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకునేది. అది పొగ వల్లనో ఏడుపు వల్లనో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మొగులయ్య ఆమెను బలవంతాన దవాఖానకు తీసుకెళ్లాడు. కళ్ల డాక్టరు లైటు వేసి చూసి, "పొగకు దూరంగా ఉంటే కుదురుకుంటాయమ్మా, లేకపోతే నా చేతిలో లేదు" అన్నాడు.

"పొగ లేక నీళ్లెట్ల కాగుతయి సారు?" అని అడిగింది కాశమ్మ. డాక్టరు దగ్గర దానికి మందు లేదు.

మొగులయ్య దగ్గర ఉంది. అతను కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అక్కడి గెస్ట్‌హౌస్ మీద నీళ్లను ఎండతో కాచే పెట్టె ఒకటి బిగించారు. దాని పైపులు కలిపింది అతనే. మరుసటి ఆదివారం అక్క ఇంటికొచ్చి వాకిలంతా కలియదిరిగి, ఎండ ఎటునుంచి ఎటు పోతోందో చూశాడు.

"అక్కా, ఇగ నీకు కట్టెలు అక్కర లేదు. సూర్యుడే కాగవెడతడు నీళ్లు."

"నీకు దిమాగ్ ఖరాబయిందారా? బాలింతకు ఎండకు పెట్టిన నీళ్లు పోస్తరా? బర్రెకు పోసుకో గవి!"

"బర్రెకు పోసే నీళ్లు కావక్కా. చెయ్యి పెడ్తే సుర్రుమంటది."

"అగ్గి సూడని నీళ్లు నీళ్లు గావు, పో!"

వింటాడా? నాలుగు ఆదివారాలు మొగులయ్యకు ఆ వాకిలే ఫ్యాక్టరీ అయింది. జుమ్మేరాత్ బజారులో పాత రాగి పైపులు ఏరుకొచ్చాడు. వాటిని రేకుకు అతికించి నల్లరంగు పూశాడు, చెక్కపెట్టెలో పరిచి, పైన ఒక పాత అల్మారా గాజు అద్దం బిగించాడు. పక్కనే ఛాతీ ఎత్తు గద్దె కట్టి, రెండు రాతిమెట్లు పెట్టి, దాని మీద డ్రమ్ము నిలబెట్టాడు. డ్రమ్ము చుట్టూ ఊక నింపి గోనెపట్టలు చుట్టాడు. పైపుల్లో వేడెక్కిన నీళ్లు వాటంతటవే డ్రమ్ములోకి ఎక్కుతాయి, అడుగునున్న చన్నీళ్లు పెట్టెలోకి దిగుతాయి, మోటారు అవసరం లేదు, కరెంటు అవసరం లేదు అని అక్కకు మూడుసార్లు చెప్పాడు. కాశమ్మ మూడుసార్లూ మొహం తిప్పుకుంది.

పక్కింటి చాంద్‌బీ గోడ మీంచి తొంగిచూసి, "క్యా కాశమ్మా, సూరజ్ కో నౌకరీ పే రఖ్ లియా?" అని, సూర్యుణ్నే కొలువుకు పెట్టుకున్నావా అన్నట్టు వేళాకోళమాడింది. కాశమ్మ పుల్లతో గోడను కొట్టింది.

ఫాల్గుణ మాసపు ఎండలు. ఒకనాడు పదకొండింటికి ఎవరూ చూడకుండా కాశమ్మ డ్రమ్ముకు బిగించిన నల్లా తిప్పి, నీళ్లు తన పిక్కల మీద పోసుకుంది. పసివాళ్లకు పోసే ముందు వేడి చూసుకునే పద్ధతి అది. "అమ్మో!" అని ఎగిరి గంతేసింది. గోడవతల చాంద్‌బీ పకపకా నవ్వింది.

ఆనాటి నుంచి పొయ్యి ఆరింది. మబ్బు పట్టిన రోజున తప్ప మళ్లీ రాజలేదు. వేళ కూడా మారింది. తెల్లారగట్ల స్నానాలు పోయి, ఎండ నిండుగా పడే పదకొండు గంటల స్నానాలు వచ్చాయి. ఉన్న ఇద్దరు బాలింతలకు అదే హాయిగా ఉంది, మొగుళ్లను పనికి పంపించి తీరిగ్గా రావచ్చు. కట్టెలు తెచ్చే బాధా తప్పింది.

కానీ కాశమ్మ మనసు మాత్రం ఒప్పలేదు. పొయ్యి మీద అయితే నీళ్లలో వావిలాకు కుతకుతా తెర్లేది, వాకిలంతా ఆ వాసన కమ్మేది. ఇప్పుడవి ఉత్త నీళ్లు. బాలింత నడుముకు ఉత్త నీళ్లు పోస్తే పాపం తగలదా? ఆమె ఆలోచించి ఆలోచించి, ఒకరోజు ఎవరూ లేని వేళ గద్దె మెట్లెక్కి, మూత తీసి, రెండు దోసిళ్ల వావిలాకు డ్రమ్ములో వేసింది. అబ్బ, ఎంత తృప్తో! మరునాడు ఇంకో రెండు. ఆ మరునాడు ఇంకో రెండు.

నాలుగో రోజు ఎండ భగభగ మండుతోంది. అద్దం మీద చెయ్యి పెడితే కాలుతోంది. నల్లా తిప్పితే బావినీళ్లంత చల్లటి నీళ్లు వచ్చాయి, అవీ పచ్చగా.

మొగులయ్య ఫ్యాక్టరీకి సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చాడు. సగం పూట పెట్టెంతా విప్పాడు. గాలి పట్టిందేమో, అతుకు ఊడిందేమో, వాటం తప్పిందేమో అని తల పగలగొట్టుకున్నాడు. అడుగు పైపు విప్పేసరికి పచ్చటి ముద్ద ఒకటి జారి అతని ఒళ్లో పడింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మెల్లగా అక్క వైపు తిరిగాడు. కాశమ్మ బావి వైపు చూస్తోంది.

"అక్కా, డ్రమ్ముల పప్పు వండినవా ఏంది?"

"ఆకెయ్యకపోతే అవి బాలింత నీళ్లెట్లయితయిరా? నీకేమెరుక, నువ్వెన్నడన్న కన్నవా?"

మొగులయ్యకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ అక్కడే కూలబడ్డాడు. కాశమ్మ కాసేపు బిగదీసుకుని చూసి, తనూ ఆగలేకపోయింది. చివరికి ఇద్దరూ ఒడంబడికకు వచ్చారు. ఆకును గుడ్డలో మూటకట్టి బకెట్లో వేసి, దాని మీద నల్లా తిప్పాలి. డ్రమ్ము జోలికి మాత్రం పోకూడదు. మొగులయ్య డ్రమ్ము మూతకు తాళం కూడా వేద్దామనుకున్నాడు గానీ, అక్క మొహం చూసి ఊరుకున్నాడు.

వానలు వచ్చాయి, పోయాయి. దసరా నాటికి కాశమ్మ కళ్ల ఎరుపు తగ్గింది. దీపావళి నాటికి నీళ్లు కారడం ఆగింది. ఒకరోజు గోడ మీది చాంద్‌బీని చూసి, "నీ ముక్కుపుడక రాయి ఎప్పుడు పోయింది బీబీ?" అని అడిగింది. చాంద్‌బీ ముక్కు తడుముకుని లబోదిబోమంది. అంత మంచి చూపు వచ్చినా ఏం లాభం? వాకిట్లోకి వచ్చేది ఇప్పటికీ ఇద్దరే. గల్లీలో పిల్లలు పుడుతూనే ఉన్నారు, మెహదీపట్నం ఆమె చేతుల్లోకి పోతూనే ఉన్నారు. విమలాదేవి కోడలు కూడా మగపిల్లవాణ్ని కన్నది. ఆ వార్త విన్ననాడు కాశమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది.

ఆ పిల్లవాడికి రెండు నెలలు నిండాయో లేదో, ఒకనాడు పొద్దున్నే ఏడుపు మొదలెట్టాడు. మామూలు ఏడుపు కాదు. పాలు పడితే తాగడు, ఎత్తుకుంటే ఊరుకోడు. విమలాదేవి ఉప్పు, మిరపకాయలు దిగదుడిచింది. గ్రైప్‌వాటర్ పోసింది. మెహదీపట్నం ఆమె కడుపుకు ఇంగువ రాసింది. గల్లీ డాక్టరేమో సాయంత్రానికి గాని రాడు. పదకొండైంది. ఏడ్చి ఏడ్చి పిల్లవాడి గొంతు బొంగురుపోయింది.

కాశమ్మ తన వాకిట్లో చెవులప్పగించి కూర్చుంది. పోదామంటే పిలవని ఇల్లు, ఊరుకుందామంటే ప్రాణం ఒప్పదు. అంతలో తలుపు దభాలున తెరుచుకుంది. విమలాదేవి కోడలు, జుట్టు విరబోసుకుని, పిల్లవాణ్ని ఎదకు హత్తుకుని వచ్చి కాశమ్మ ముందు కూలబడింది. వెనకే అత్తగారు, "ఏమాయె నీకు? ఆమెకేం కనవడ్తదని తెచ్చినవ్?" అని అరుస్తూ వచ్చింది.

కాశమ్మ ఎండలో పీట వేసుకుని కాళ్లు చాచి, పిల్లవాణ్ని పడుకోబెట్టి, ఒంటి మీది గుడ్డలన్నీ తీసేసింది. నెత్తి నుంచి చూసుకుంటూ వచ్చింది. చెవులు, మెడ మడతలు, చంకలు, పొట్ట. ఒక పాదం. రెండో పాదం. అక్కడ ఆగింది.

ఎడమ కాలి నడిమి వేలు ఎర్రగా ఉబ్బి ఉంది. ఉబ్బిన చోట సన్నటి గీత. ఆ గీతలో, ఎండకు ఒక్క క్షణం మెరిసి, ఒక వెంట్రుక.

"నీ ఎంటికనే పిల్లా," అంది కాశమ్మ కోడలితో. "కానుపయినంక ఊడుతయి గద. ఒకటి పోయి ఏలుకు సుట్టుకుంది. గుంజుకపోయింది."

నూనె రాసింది, చిటికెనవేలి గోరుతో కొస దొరికించుకుంది. ఊపిరి బిగబట్టి ఒక చుట్టు విప్పింది. రెండో చుట్టు. మూడోది తెంపి పైకి లాగింది. వేలికి నెత్తురాడి రంగు తిరిగింది. పిల్లవాడు ఒక్కసారి వెక్కాడు, ఇంకోసారి వెక్కాడు, ఆ తర్వాత ఏడుపు ఆగిపోయింది. కోడలు మాత్రం అప్పుడు మొదలెట్టింది.

"ఏడ్వకు బిడ్డా, ఏం గాలే. జర దవాఖానకు తోలుకపోయి ఏలు సూపియ్యిర్రి, లోపలేమన్న మిగిలిందేమో," అంది కాశమ్మ.

విమలాదేవి ఆ వెంట్రుకను అరచేతిలో పెట్టుకుని ఎండకు పట్టి చూసింది. "పొద్దుగాల సంది నలుగురం చూసినం. ఒక్కలకు కనవడలే. నీకెట్ల కనవడ్డది?"

"ఎండల ఉన్న గద విమలమ్మా. పొగల లేను."

విమలాదేవి కోడలినీ పిల్లవాణ్నీ తీసుకుని దవాఖానకు నడిచింది. మళ్లీ వచ్చినప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. దవాఖానలో వేలు బాగుందన్నారు. వెంట కోడలూ, ఆమె ఒళ్లో కాళ్లాడిస్తున్న పిల్లవాడూ ఉన్నారు. కోడలి చేతిలో గల్లీ పాత ఆనవాయితీ కొద్దీ రెండు కట్టెలు, గుప్పెడు వావిలాకు ఉన్నాయి. కాశమ్మ ఆకు తీసుకుంది, కట్టెలు తిప్పి ఇచ్చింది. బకెట్లో మూట వేసి నల్లా తిప్పింది. పిక్కల మీద పోసుకుని వేడి చూసుకుంది. పిల్లవాడికి నీళ్లు పోసి, తుడిచి, సాంబ్రాణి వేసింది.

విమలాదేవి కాటుక భరిణె తీసి ఆమె ముందు పెట్టింది. "చుక్క నువ్వే పెట్టు."

కాశమ్మ వేలిని కాటుకలో ముంచి, ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"ముక్కు మీదనా, చెక్కిలి మీదనా?"

గోడ మీద చాంద్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. విమలాదేవి పెదవులు బిగబట్టింది, ఆపుకోలేక ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది.

"నీ ఇష్టమున్న తావుల పెట్టు కాశమ్మా," అంది. "రేపు గూడ నువ్వే పెట్టాలె."