గోర్డన్ ఫైల్లో లేని ఉత్తరం

అది 1981. పసిఫిక్ తీరంలోని ఒక రాష్ట్రంలో, జైళ్ల శాఖ ఆఫీసులో నేను రికార్డ్స్ క్లర్కుని. తీరానికి ఎదురుగా ఉన్న చిన్న ద్వీపం మీది పాత జైలును మూసేస్తున్నారు. అక్కడి ఖైదీలను విడతలవారీగా పడవలో ఒడ్డుకు చేర్చి, బస్సుల్లో వేరే జైళ్లకు పంపాలి. ఆ ఖైదీల్లో ఒక్కరి ముఖం కూడా నేను చూడలేదు. ఎవరు ఏ రోజు, ఏ పడవలో, ఎవరి పక్కన వెళ్లాలన్నది మాత్రం మా ఆఫీసుకూ ద్వీపానికీ మధ్య నడిచే ఉత్తరాల్లోనే తేలిపోయేది.

పడవకొక జాబితా ఉండేది. దాన్ని మానిఫెస్ట్ అనేవారు. ఇంటిపేర్ల అక్షరక్రమంలో నేను టైపు చేసి పంపితే, అదే వరుసలో ఇద్దరిద్దరి కాళ్లు కలిపి గొలుసు వేసేవారు. ఫలానా ఇద్దరిని కలపకూడదంటే సెపరేషన్ లెటర్ అని ఒకటి వచ్చేది. దాన్ని ఖైదీ ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాలి.

మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. ఉద్యోగానికి దరఖాస్తులో కొల్లి సుశీల అని రాశాను. వాళ్లు చివరి మాటే ఇంటిపేరనుకుని నన్ను మిసెస్ సుశీలను చేశారు. మా ఆయనా నేనూ పడీపడీ నవ్వుకున్నాం. అదే తప్పు తిరగేసి నేనూ చేయగలనని మాత్రం తట్టలేదు.

ఒక గురువారం ఉదయం, తొమ్మిదీ ఇరవైకి, మర్నాటి జాబితా కోసం లూయిస్ అనే ఇంటిపేరున్న ఖైదీ ఫైలు తెరిచాను. పైన అతనిది కాని ఉత్తరం ఉంది. ఒక హత్య కేసులో లూయిస్ గోర్డన్ అనే ఖైదీ, గ్రేడీ అనే ఖైదీ మీద సాక్ష్యం చెప్పాడు, చంపుతానని గ్రేడీ బెదిరించాడు, ఇద్దరినీ ఎక్కడా కలపవద్దు. గ్రేడీ ఫైల్లో పెట్టాల్సిన నకలు కూడా దానికే పిన్ చేసి ఉంది. మూడు వారాల కిందటి స్టాంపు, దాని కింద నా పొడి అక్షరాలు. ముందున్న లూయిస్‌నే ఇంటిపేరనుకుని ఈ ఫైల్లో పెట్టేశాను.

ఆ ఉదయం వెళ్లే పడవ మానిఫెస్ట్ తీసి చూశాను. గోర్డన్, కిందే గ్రేడీ. ఒకే గొలుసు. పడవ పది గంటలకు.

ఉత్తరం పట్టుకుని మా సూపర్‌వైజర్ మార్గరెట్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చదివి, ద్వీపానికి ఫోన్ కలిపి రిసీవర్ నాకిచ్చింది. అవతల రేవు దగ్గర సార్జెంట్.

"గొలుసులు వేసేశారా?" అని అడిగాను.

"వేస్తున్నాం. A నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు D దగ్గరున్నాం."

"గోర్డన్‌ని పక్కకు తీయండి."

"ఫోన్‌లో చెబితే ఎవరినీ తీయను మేడమ్. టెలెటైప్ కొట్టండి. కారణం కూడా రాయండి. కొత్త సమాచారం అంటే మాత్రం వెరిఫై చేయాలి, అందాకా లిస్టు మారదు. ఇదివరకే రికార్డులో ఉన్న లెటరైతే దాని తేదీ చెప్పండి, వెంటనే ఆపేస్తా."

టెలెటైప్ అంటే, ఇక్కడ టైపు చేసిన మాట అక్కడి మిషను మీద అచ్చయ్యేది. దాని ముందు కూర్చుంటే వెనక నుంచి మార్గరెట్ నెమ్మదిగా అంది, "రికార్డులో ఉందంటే ఎవరు చూడలేదని అడుగుతారు. నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు, ఉద్యోగం ఖాయం కాలేదు."

తెలుసు. అప్పటికి నా జీతం మీదే ఇల్లు గడుస్తోంది, మా ఆయన ఇంకా చదువుకుంటున్నారు. సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను, ఒక్క క్షణం 'కొత్త సమాచారం' అని కొట్టాలనిపించింది. అక్కడ రేవులో E, F, తరవాత G. ఉత్తరం తేదీ కొట్టి, క్లర్కు పొరపాటున వేరే ఫైల్లో పెట్టిందని రాసి, చివర నా పేరు కొట్టాను.

ఏడు నిమిషాలు మిషను పలకలేదు. ఆ ఏడు నిమిషాల్లో మొక్కని దేవుడు లేడు. తరవాత ఒక్క లైను అచ్చయింది: గోర్డన్‌ను ఆపాం, గ్రేడీని పంపుతున్నాం.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను.

"ఇంకేదైనా రీజన్ రాయాల్సింది సుశీలా."

"రాస్తే వెరిఫికేషన్‌కి పంపేవాళ్లండీ. ఈలోగా ఆ మనిషికి ఏమన్నా అయితే?"

ఆఫీసులో నాకు మెమో ఇచ్చారు, ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు.

పది రోజులకు గోర్డన్ నుంచి ఫిర్యాదు వచ్చింది. "నన్ను ఊరికే వరుసలోంచి లాగేశారు. నా పెట్టె మాత్రం ఆ పడవలోనే పోయింది. నా కళ్లజోడు అందులో ఉంది. ఇది ఎవరి పని?" పక్కన గ్రేడీ నిలబడి ఉన్నాడని అతను గమనించాడో లేదో తెలియదు. గ్రేడీ ఏం చేసేవాడో కూడా నాకు తెలియదు. పాలనా కారణాల వల్ల ప్రయాణం వాయిదా పడిందని మాత్రమే జవాబు రాయమన్నారు. అలాగే రాశాను. నా పనేనని రాయాలని ప్రాణం కొట్టుకుంది.

పెట్టె కోసం మూడు జైళ్లకు నేనే ఉత్తరాలు రాశాను. చివరికి దొరికింది. ఫైలు బాగున్నంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదని అప్పుడే తెలిసింది. కళ్లజోడు అందినట్టు సంతకం పెట్టిన రసీదు వచ్చింది: లూయిస్ గోర్డన్. రెండో మాట కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, G సొరుగులో పెట్టి మూశాను. మళ్లీ తెరిచి చూసుకున్నాను.