పట్టు అంచులకు నేను పెట్టిన పేరు

పెన్ను మూతకు కూడా చీటీ అంటించే మనిషి, ఒకే ఒక్క పేరు తప్పు పెట్టి అత్తవారింట్లో పరువెలా పోగొట్టుకున్నాడో చెబుతాను. మంచినీళ్లు పక్కన పెట్టుకుని వినండి. ఆ రోజు నాకు అవి కూడా ఎవరూ ఇవ్వలేదు.

రిటైరయ్యాక హిందూపురంలో నా పని చీటీలు అంటించడమే. డైరీల అట్టల మీద సంవత్సరం, వంటింటి డబ్బాల మీద కంది, పెసర, మినుము. "నా నుదుటి మీద 'భార్య' అని అంటించండి, మర్చిపోతారేమో" అనేది మా సరోజ.

కొన్నేళ్ల కిందట మా బావమరిది భూషణ తన కొత్త చీరల అంచుల డిజైన్లు నాకు పంపాడు. వాడిది ధర్మవరం, పట్టుచీరలు నేయిస్తాడు.

"బావా, ఈడ గోడలకు గూడా కండ్లుండాయి. మగ్గం ఎక్కకముందే ఎవురో ఒకరు నేసేస్తారు. నీ కంప్యూటర్లో బీగమేసి పెట్టు" అన్నాడు.

పంపి, తన ఫోన్లోవి తుడిచేసి, గీసిన కాగితాలు పొయ్యిలో పెట్టాడు. భయపడటంలో వాడు నాకంటే పద్ధతి గల మనిషి.

ఫోల్డరుకు బీగం వేసే ప్రోగ్రాము తనంతట తానే 'బీగం వేసిన ఫోల్డరు' అనే పేరు చూపించింది. నాకు నవ్వొచ్చింది. నగల పెట్టె మీద 'నగలు' అని ఎవరైనా రాసుకుంటారా? చూసిన దొంగ ఆవులించి పక్కకు పోవాలి. అలాంటి పేరొకటి టైపు చేసి, నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ పేరేమిటో మీకిప్పుడే చెప్పను. నేనూ ఆ రోజు చెప్పకుండా ఉండాలనే చూశాను.

ఆ తర్వాత ఒకసారి నేను ధర్మవరం పోయిన రోజే పెనుకొండ నుంచి పెళ్లివాళ్లు దిగారు. పెళ్లికూతురి మేనత్తకు ఉన్న చీరల్లో ఒక్కటీ నచ్చలేదు.

"ఎవురూ కట్టనిది కావల్ల. ఉంటే చూపించు, లేకుంటే ఇంకో తావుకు పోతాం" అంది.

ఆ ఇంట్లో అప్పటికి ఆడుతున్నది ఒక్కటే మగ్గం. ఈ ఆర్డరు వస్తే తప్ప మిగతావి కదలవు. ఎవరూ కట్టని అంచులేమో హిందూపురంలో నా కంప్యూటర్లో ఉన్నాయి. నేను ఇంట్లో ఉన్న సరోజకు ఫోన్ చేశాను. అందరూ వినాలని భూషణ స్పీకరు పెట్టాడు. గడప దగ్గర మా అత్తగారు, అంటే వాళ్లిద్దరి తల్లి, వక్కాకు నములుతూ కూర్చున్నారు.

"సరోజా, ఆ బీగమేసిన ఫోల్డరు తెరువు."

"అన్నిటికీ ఏసినారు గదా బీగాలు. దేన్ని?"

కొత్త మోజు. కరెంటు బిల్లులకూ వేశాను.

"కింద నుంచి మూడోది."

"బోరు మోటారు అని ఉండాది. తెరవల్లనా?"

"వద్దొద్దు. దాని పక్కది."

"ఏ పక్కది? పేరు చెప్పండి."

"చూస్తే నీకే తెలుస్తాది."

"ఏమప్పా, పేరు చెప్పేకి అంత సిగ్గా? కొత్త పెండ్లికొడుకు మాదిరి" అంటూ మేనత్త లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

భూషణ ముఖం రంగు పోయిన జరీలా అయింది. "చెప్పు బావా, నీకు దండం పెడతా."

చెప్పాను. "అత్తగారి సలహాలు."

పక్క గదిలోని ఒక్క మగ్గమూ ఆగిపోయింది.

"ఎవురి అత్త?" అంది ఫోన్లోంచి సరోజ.

"అట్ల కాదు. ఎవరూ తెరిచి చూడకూడదని ఆ పేరు పెట్టినా" అని వివరించాను. వివరించకుండా ఉండాల్సింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. నా ఫోల్డరుకు ఊరే గొప్ప, పేరు దిబ్బ. ఆ దిబ్బ మీద నిలబడింది నేను.

అత్తగారు బయటికి పోయి వక్కాకు ఉమ్మి వచ్చారు. "అంటే నా మాటలు దొంగ గూడా ఎత్తుకపోడంటావు."

మేనత్త నవ్వు ఆపుకోలేక మళ్లీ చాప మీద కూలబడింది. ఆమె కళ్లు తుడుచుకునేలోగా సరోజ పాస్‌వర్డ్ కొట్టి డిజైన్లు పంపింది. పాస్‌వర్డ్ మా పెళ్లిరోజు. అదొక్కటే నేను తిన్నగా పెట్టింది. మామిడిపిందెల అంచు మేనత్తకు నచ్చింది. పెళ్లిచీరలన్నీ అక్కడే చెప్పి పోయారు.

మగ్గాలు ఆడాయి, నా నోరు ఆగింది. అప్పటినుంచి అత్తగారు ఏం చెప్పినా "ఇది గూడా దాంట్లో ఏసుకో అప్పా" అని ముగిస్తారు. వేశానో లేదో సరోజ చూస్తుంది. అందులో మొదటిది ఇది: "బీగం దొంగకప్పా, పేరు నీకు. రెండూ దొంగ కోసరమే పెడితే నువ్వే బయట నిలబడతావు."

కనుక నా డైరీలన్నిటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ ఫోల్డరుకూ తెలివిగా పేరు పెట్టను, లోపల ఉన్నదే పైన రాస్తాను. ఇప్పుడు 'భూషణ చీరల డిజైన్లు' బీగంతో ఉన్నాయి. 'అత్తగారి సలహాలు' విడిగా ఉంది. దానికి బీగం వేయలేదు. ఆవిడ అన్నది నిజమే, ఇంతవరకు ఎవరూ ఎత్తుకుపోలేదు.