దేనికీ కలపని వైరు

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే పిడుగురాళ్ల సున్నం వాసన. మేము ఉండేది రెంటచింతల. అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, పిడుగురాళ్లలో ఒక సున్నం ఫ్యాక్టరీలో ఇంజనీరు. అమ్మ పుట్టింట్లో కాలేజీ చదువు చదివినవాడు ఆయనొక్కడే. తనకంటే చిన్నవాడైనా అమ్మ ఆయన ఎదుట కుర్చీలో కూర్చునేది కాదు. ఆయన ఏదన్నా అంటే దానికి తిరుగుండేది కాదు.

ఆ ఏడాది ఫ్యాక్టరీకి కంప్యూటరు వచ్చింది. సున్నపురాయి కాల్చే బట్టీలో ఎక్కడ ఎంత వేడి ఉందో చెప్పే వైర్లు వచ్చి ఒక చిన్న బోర్డు మీద వరసగా ఉన్న స్క్రూల కింద బిగుస్తాయి. ఒక్కో వైరు సంగతి తెర మీద ఒక్కో గీతగా పాకుతుంది. వేడి పెరిగితే గీత పైకి లేస్తుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా మామయ్య కోపంగా ఉన్నాడని. కొత్తగా చేరిన ఇద్దరు ట్రైనీలు తెర మీద ఒక గీత పిచ్చిగా ఎగరడం చూసి, భయపడి బట్టీ ఆపేశారట. తీరా చూస్తే బట్టీకి ఏమీ కాలేదు. బోర్డు దగ్గర వైరు ఊడిపోయి ఉంది. చల్లారిన బట్టీని మళ్లీ దారికి తేవడానికి నానా తంటాలు పడ్డారు. పైవాళ్ల చేత మాటలు పడింది మాత్రం మామయ్య.

ఒక ఆదివారం పొద్దున ఆయన తన చేతి గడియారం కనిపించడం లేదన్నాడు. అత్తయ్య ఇల్లంతా వెతికింది. మధ్యాహ్నం అందరినీ ఫ్యాక్టరీలో కంప్యూటరు గదికి తీసుకెళ్లాడు. అమ్మ, అత్తయ్య, వాళ్ల అబ్బాయి, అమ్మాయి, నేను. ట్రైనీలిద్దరూ అప్పటికే గోడవారన నిలబడి ఉన్నారు. ఈ మిషను అబద్ధం పట్టేస్తుందని మామయ్య చెప్పాడు. మా ముగ్గురు పిల్లల వేళ్లకూ తలొక వైరు చుట్టి టేపు అంటించాడు. వైర్ల రెండో కొసలు బల్ల వెనక్కి పోయాయి.

గడియారం తీయలేదని మామయ్య కొడుకు చెప్పాడు. అతని గీత కదల్లేదు. కూతురు చెప్పింది. ఆమెదీ కదల్లేదు. నేనూ అదే మాట అన్నాను. నా గీత తెర అంచుదాకా ఎగిరి, కింద పడి, మళ్లీ ఎగిరింది.

ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకా ఎగిరింది. అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఎక్కడ పెట్టావే?"

తెలియదన్నాను. చెంప మీద కొట్టింది. అమ్మ అంతకు ముందు నన్ను కొట్టలేదని కాదు. కానీ ఆ దెబ్బ వేసేటప్పుడు ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి.

కాసేపటికి, నేనే తీశానని ఒప్పుకున్నాను. దెబ్బకు తాళలేక అని ఉంటానని మీరనుకోవచ్చు. అంతమంది పెద్దవాళ్లు చూస్తుంటే, ఆ మిషను అలా చెబుతుంటే, తీసే ఉంటానని నాకే అనిపించింది. తీసి ఏం చేశావని అడిగితే, రాయి తవ్విన క్వారీ గుంటలో నీళ్లున్నాయి కదా, అందులో పడేశానన్నాను. చెబుతుంటే ఆ పచ్చటి నీళ్లలో గడియారం బెల్టు మెలికలు తిరుగుతూ దిగిపోవడం కళ్లకు కట్టింది కూడా.

మామయ్య జేబులోంచి గడియారం తీసి చేతికి పెట్టుకున్నాడు.

తర్వాత నా వేలి వైరు పట్టుకుని లాగాడు. బల్ల వెనక నుంచి దాని రెండో కొస నేల మీద పాకుతూ వచ్చింది. అది దేనికీ కలిపి లేదు. మా ముగ్గురివీ అంతే. బోర్డు మీద తన పిల్లలకని పెట్టిన స్క్రూలను ముందే ఒక్కో వైరు ముక్కతో కలిపి బిగించి ఉంచాడు, అందుకే ఆ గీతలు నిలబడ్డాయి. నాకని పెట్టిన స్క్రూలను ఖాళీగా వదిలేశాడు. ఆయన మా వైపు చూడలేదు. ట్రైనీల వైపు తిరిగాడు.

"చూశారుగా. ఏమీ కలపని చోటు కూడా ఏదో ఒకటి చెబుద్ది. దాన్ని నమ్మి కన్నతల్లే కూతుర్ని కొట్టింది. ఇంకోసారి బట్టీ ఆపేముందు, వైరు రెండో కొస యాడుందో చూసి రండి."

ట్రైనీల్లో ఒకతను తల దించుకున్నాడు. రెండో అతను నవ్వాడు. అత్తయ్యా నవ్వింది. ఆ పాఠం నా కోసం కాదు. అందులో నేను సుద్దముక్కను.

ఆ సాయంత్రమే మేము ఇంటికి పోవడానికి మాచర్ల బస్సెక్కాం. గురజాల దాటేదాకా అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"తీయనిదానివి తీశానని ఎందుకు చెప్పావే? వాళ్లందరి ముందర నా పరువు పోయింది."

తర్వాత చాలా పెళ్లిళ్లలో మామయ్య ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఆ నవ్వుల్లో అమ్మ నవ్వూ వినిపించేది. కొన్నాళ్లకు నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

పాలిటెక్నిక్ చదివి నేనూ అదే పనిలో పడ్డాను. అలాంటి బోర్డులు ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి. ఏమీ కలపని చోటు సున్నా చూపించదు. చుట్టూ ఉన్న వైర్లు ఏం చెబుతుంటే అదే తన మాటన్నట్టు చూపిస్తుంది. ఒకరోజు పనిలో ఉండగా అమ్మ ప్రశ్నకు జవాబు ఇదేనని తట్టింది. అప్పటికి అమ్మ లేదు.

మామయ్య చెప్పిన మాట నిజమే. ఆ మాటే నాకు అన్నం పెట్టింది. ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది మాత్రం వేరే. మా ఇంట్లో పిల్లలెవరైనా తప్పు తమదేనని ఒప్పుకుంటే, ముందుగా ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లందరినీ బయటికి పంపిస్తాను. తలుపు దగ్గరికి వేసి, పక్కన కూర్చుని మళ్లీ అడుగుతాను. చాలాసార్లు అదే మాట చెబుతారు. ఒక్కోసారి ఎంతసేపటికీ ఏమీ చెప్పరు. నేను తొందరపెట్టను.