హాతీరాం సారు ఎనిమిది కట్టల ఆట

హాతీరాం సారుకు ఒక పట్టుదల ఉండేది. ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ ఇంకొకదానికి ఇవ్వడు. లెక్కల మాస్టరు కాకముందు ఆయన సారపాకలో ఒక కంట్రాక్టరు డిపోలో రెండేళ్లు వెదురు కట్టలకు నంబర్లు వేశాడు. నూట నాలుగో కట్ట లారీ ఎక్కి వెళ్లిపోయినా సరే, ఆ నంబరు దానిదే. ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదు.

ఎనభై ఎనిమిదిలో, బూర్గంపాడు దగ్గర ఆయన పనిచేసే ఆశ్రమ పాఠశాలకు ఒక కంప్యూటరు వచ్చింది. మెమరీ ముప్పై రెండు కిలోబైట్లు. పెంచుకునే దారి లేదు. మిగతా మాస్టర్లు దానికి గుడ్డ కప్పి దూరం నుంచే దండం పెడుతుంటే, సారు మాత్రం సెలవులన్నీ తగలేసి పిల్లల కోసం ఒక ఆట రాశాడు. గోదారిలో వెదురు కట్టలు కొట్టుకొస్తుంటాయి, వాటికి తగలకుండా పడవ నడపాలి. పిల్లలకు పిచ్చెక్కింది. కానీ మూడు నిమిషాలు తిరక్కుండానే మెమరీలో చోటు లేదంటూ ఆట ఆగిపోయేది.

ఇంతలో కబురొచ్చింది. వాడకం లేని మిషన్లను ఖమ్మం తీసుకుపోతారట, సోమవారం ఆఫీసరు చూడటానికి వస్తాడట. సారుకు అన్నం సయించలేదు. తమ పిల్లల చేతికి అందిన ఒక్క వస్తువూ పోతుందని ఆయన బాధ.

శనివారం టేకులపల్లి దగ్గర తునికాకు కల్లంలో ఆకు ఆరబోసే తల్లి బాలికి అన్నం గిన్నె తీసుకెళ్లాడు. అప్పుడే ముత్యాలు అనే ఆయన అడవి నుంచి పచ్చి ఆకు కట్టలు తెచ్చాడు.

"జాగ లేదు గదక్కా, ఏడ పెట్టాలె?"

బాలి గయ్యిమంది. "ఎండినయి ఎత్తు, ఆ జాగల్నే పెట్టు. నీ కోసం అడవి కొట్టి కల్లం పెంచాల్నా ఏంది?"

సారు గిన్నె అక్కడే పెట్టి బస్సు కోసం పరిగెత్తాడు. తల్లి వెనక నుంచి తండా మాటలో తిట్టింది.

తప్పు తనదే. ఆటలో తెర దాటి మాయమైన కట్టకు కూడా డిపోలో లాగే నంబరూ చోటూ అట్టే ఉంచాడు, కొత్తదానికి కొత్త చోటు అడిగాడు. పోయినవన్నీ మెమరీలో తిష్ఠ వేసుకుని కూర్చున్నాయి. తెర మీద ఒకేసారి కనిపించేవి ఎనిమిదే కదా! అందుకని ఎనిమిది చోట్లే ముందుగా తీసిపెట్టి, కిందికి పోయిన కట్ట చోటును పైనుంచి వచ్చేదానికి ఇచ్చాడు. ఒకరి నంబరు ఇంకొకరికి కట్టబెట్టడానికి నిజంగానే చెయ్యాడలేదు. అయినా ఇచ్చాడు.

సోమవారం ఆఫీసరు ఆటకు కూర్చున్నాడు. మిషను కట్టి పంపడానికి గోనెసంచి, తాడు పట్టుకుని అటెండరు భద్రయ్య సిద్ధంగా నిలబడ్డాడు. సారు కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. మూడు నిమిషాలు దాటాయి. ఎనిమిది కూడా దాటాయి.

"ఇది ఎప్పుడు ఆగుతది మాస్టారూ?"

"ఆగదు సార్. మీరు గుద్దుకుంటేనే."

ఆఫీసరు గుద్దుకున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ గుద్దుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది. భద్రయ్య కాళ్లు మార్చి మార్చి, ఆఖరికి ఆ గోనెసంచి పరుచుకుని దాని మీదే కూర్చున్నాడు.

ఏడో తరగతి సక్రి ఇక ఆగలేకపోయింది. "సార్, మీరు లేవుండ్రి. గిప్పుడు మా వంతు."

పక్కనే ఉన్న హెడ్మాస్టరు ఆమెను వెనక్కి లాగబోయాడు. ఆఫీసరు మాత్రం దొంగలా నవ్వి లేచాడు. తెచ్చిన కాగితం మీద 'వాడకంలో ఉంది' అని రాసి సంతకం పెట్టాడు. హాతీరాం సారు సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకుంటుంటే, సక్రి అప్పటికే కుర్చీ ఎక్కి పడవ నడుపుతోంది.