బ్రేకు మాస్టారి కారుకు పట్టిన వణుకు

ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగంమంది ఆయన నోటి తిట్లు తిన్నవాళ్లే. డ్రైవింగ్ స్కూలు నడిపినంతకాలం ఆయనది ఒకటే పాఠం. నేర్చుకునేవాడు కంగారుపడి బ్రేకు మీద నిలబడ్డాడా, ఇక అంతే. "అది బ్రేకురా, బొద్దింక కాదు! తొక్కి చంపక్కర్లేదు!" అని వీధి దద్దరిల్లేలా అరిచేవారు. బ్రేకు మాస్టారన్న పేరు అలా వచ్చింది. ఒక్కరినైనా మెచ్చుకున్న పాపాన పోలేదు.

స్కూలు మూసేశాక ఆ బొద్దింక తిట్టు భార్యకు మిగిలింది. ఆవిడ పట్టుబట్టి, ఆయన దగ్గరే నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుంది. ఇంత ఓర్పుకు లైసెన్సు ఒక్కటే ఇచ్చి ఊరుకున్నారంటే అన్యాయమే.

మాస్టారికి కారంటే ప్రాణం. బయటి నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా నీళ్ల పైపు అందుకుని చక్రాలు కడిగేవారు. దుమ్ము ఎండితే వదలదని ఆయన నమ్మకం. చక్రాలు సుయ్యిమని ఆవిర్లు కక్కుతుంటే, హాయిగా ఉందేమో పాపం అనుకునేవారు.

అలాంటి కారు ఒకరోజు మోసం చేసింది. ఆవిడ కూరగాయలు తెస్తూ మలుపులో బ్రేకు వేయగానే స్టీరింగ్ గడగడ వణికింది.

"చూశావా! మళ్లీ బొద్దింకే!" అన్నారు పక్కసీట్లోంచి.

"మెల్లిగానే వేశానండీ."

మర్నాడు ఆయనే నడిపారు. ఆయన కాలికిందా వణికింది. మాస్టారు ఒక్క క్షణం తగ్గారు, ఒక్క క్షణమే. "నీ తొక్కుడు దీనికి అలవాటైపోయింది" అని తేల్చేసి తాళం జేబులో వేసుకున్నారు.

ఆవిడకు కడుపు మండింది. సోమవారం అక్క కాలికి సిమెంటు కట్టు విప్పే రోజు. ఆస్పత్రికి నేనే కారులో తీసుకెళ్తానని అక్కకు మాటిచ్చింది. అక్క ఊరంతా చెప్పుకుంది కూడా.

"మెకానిక్కుకి చూపిద్దాం. తప్పు నా కాలిదే అని అతనంటే, ఇక జన్మలో తాళం అడగను" అంది.

మాస్టారు ఎగిరి గంతేసినంత పనిచేశారు. మెకానిక్కు ఆయన శిష్యుడే మరి!

శిష్యుడు ఇద్దర్నీ ఎక్కించుకుని ఓ చుట్టు తిప్పాడు. "మామూలుగా పోతుంటే ఏమీ లేదు, బ్రేకు వేస్తేనే వణుకుతోంది. అదీ చేతుల్లోకి వస్తోంది, సీట్లోకి రావట్లేదు. లోపం ముందు చక్రాల్లోనే ఉంది మాస్టారూ" అన్నాడు. షెడ్డుకొచ్చి చక్రం విప్పాడు. బ్రేకు పట్టుకునే ఇనప పళ్లానికి, అదే డిస్కుకి, గడియారంలాంటి కొలత పరికరం ఆనించి తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది.

"డిస్కు వంకరపోయింది."

"పోదూ మరి, ఆ తొక్కుడికి!" అన్నారు మాస్టారు భార్యకేసి చూస్తూ.

"కూరగాయలకెళ్లి రావడానికి ఇలా అవదండీ. కాగిపోయిన డిస్కు మీద రోజూ చన్నీళ్లు పడితే అవుతుంది. బండి రాగానే కడిగే అలవాటు ఎవరికైనా ఉందా మీ ఇంట్లో?"

మాస్టారికి హఠాత్తుగా షెడ్డు పైకప్పు మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

"ఉంది బాబూ, చెప్పులైనా విడవరు" అంది ఆవిడ.

గురువుగారి ముందు నవ్వే ధైర్యం లేక శిష్యుడు ఏ పనీ లేకుండానే కారు కిందికి దూరాడు.

"వీడికి రివర్సు నేర్పేసరికి నా ప్రాణం పోయింది, వీడా నాకు చెప్పేది!" అని దారంతా గొణిగారు మాస్టారు. కానీ కొత్త డిస్కులు వేయించాక తనే నడిపి చూస్తే స్టీరింగ్ వణికితే ఒట్టు. అప్పుడు నిజంగా సిగ్గేసింది ఆయనకు. అన్నాళ్లూ ఆవిడను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

సోమవారం పొద్దున్నే తాళం తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టారు. "నేనూ రానా?" అన్నారు మెల్లిగా.

"అక్క ఉంటుంది, ఆవిడ చంకకర్రలుంటాయి. మీకు చోటేదండీ?" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఆ పూట మాస్టారికి కాలూ చెయ్యీ ఆడలేదు. గేటు తీయడం, రోడ్డు చూడటం, మళ్లీ వేయడం. సాయంత్రానికి కారు మలుపు తిరిగి, కుదుపన్నది లేకుండా గేటు ముందు ఆగింది. ఆయన చెయ్యి అలవాటుగా పైపు అందుకుంది.

"ఏమండీ!"

పైపు కిందపడింది. మాస్టారు బుద్ధిగా కుర్చీ తెచ్చుకుని చక్రం పక్కన కూర్చున్నారు. ఆవిడ తాళం తన సంచిలో వేసుకుని మెట్లెక్కుతుంటే, టైరుకేసి చూస్తూ గొణిగారు.

"బ్రేకు బాగా వేశావు."

ఆవిడ ఆగిపోయింది. "ఏంటీ? మళ్లీ అనండి."

"ఇప్పుడు కడగొచ్చా అని అడిగాను."

"ఇంకాసేపు ఆగండి" అని ఆవిడ తనూ ఓ కుర్చీ తెచ్చుకుంది.